పాచి సంఘం ప్రత్యేక సమావేశం

జూన్ 2

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. గాలికి మీ వాతావరణ కేంద్రం కిటికీ రెక్క ఊడి లోయలో పడిందని రాశావు. గాలి ఎంత జోరుగా వీస్తుందో కొలిచే ఉద్యోగం చేస్తూ కిటికీకి గడియ పెట్టుకోవద్దూ? మీ బావ చదివి పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ కొండ మీద ఫోను పలకదు, వారానికోసారి సరుకుల బండి వస్తే తప్ప ఉత్తరం కదలదు. నీకు నవ్వు వచ్చేసరికి మాకు పాతబడిపోతుంది.

నా మోకాళ్ళు అలాగే ఉన్నాయి. కంటి ఆపరేషన్ అయ్యాక భూతద్దంలో ఆకుల అంచులు బాగానే కనిపిస్తున్నాయి కానీ, మెట్లు దిగేటప్పుడు ఆఖరి మెట్టు ఉందో లేదో కాలితో తడుముకుంటున్నాను. కాలేజీలో పాఠాలు మానేసినా మన నాచు మొక్కల అధ్యయన మండలి కార్యదర్శి పని నన్ను వదలలేదు. వీధిలో పిల్లలకి అది ఇప్పటికీ పాచి సంఘమే. మొన్న ఒకడు "పళ్ళు తోముకున్నారా ఆంటీ?" అని అడిగి పరుగు లంకించుకున్నాడు.

ఇక్కడ అసలు బెంగ నమూనాల గది. పైకప్పు కారుతోంది. ఎండబెట్టి కాగితాల్లో దాచిన నాచు మొక్కలన్నీ ఆ గదిలోనే ఉన్నాయని నీకు తెలుసుగా. కింద అవి బూజు పడుతుంటే, పైన ఆ కారే కప్పుకి కొత్త నాచు పచ్చగా పట్టింది. నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. విశ్వవిద్యాలయం వాళ్ళు పొడిగా ఉండే గది ఇస్తామన్నారు. సంతకం ఒక్కటే బాకీ. అది ప్రతి సమావేశంలోనూ వాయిదా పడుతోంది.

నిన్న కార్యవర్గం కూర్చుంది. జలుబు చేసి అధ్యక్షులు మాస్టారు రాలేదు. ఆయన లేకపోయేసరికి అందరికీ నోళ్ళు లేచాయి. వయసైపోయింది, కళ్ళూ మోకాళ్ళూ సహకరించడం లేదు, ఇక గౌరవంగా దిగిపోతేనే బాగుంటుందని ఒకటే మాట. కోశాధికారి పళ్ళ డాక్టరు "కదిలే పన్నుని జాలిపడి ఉంచకూడదండీ" అన్నాడు. మందుల షాపాయన ఉపాధ్యక్షుడు కదా, ఆయన తలూపాడు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళు మండలిని భుజాన మోసినందుకు దక్కే మాట ఇదా? కానీ కాదనడానికీ నోరు రాలేదు.

ఈ సంగతి ఎవరికీ చెప్పకు. మాస్టారి చెవిన అసలే పడకూడదు.

చలికి మఫ్లర్ చుట్టుకో.

మీ అక్క


జూన్ 11

అక్కయ్యకి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి గాలివేగం కొలిచే పరికరం దగ్గరే కూలబడ్డాను. ఆ పూట లెక్క తప్పు రాసి పంపానేమో కూడా తెలియదు.

ఎంత ధైర్యం వాళ్ళకి! మాస్టారు రాని రోజు చూసి నిన్ను దిగిపొమ్మంటారా? మోకాళ్ళు నొప్పులని కార్యదర్శిని తీసేస్తారా? మండలి నడిచేది నీ మోకాళ్ళ మీదనా, నీ బుర్ర మీదనా? ఆ పళ్ళ డాక్టరు నా దవడపన్ను పీకినప్పుడే అనుకున్నాను, అతనికి తీసేయడం తప్ప ఇంకోటి తెలియదని.

నువ్వు మెత్తనిదానివి. నేను అలా కాదు. నేనూ శాశ్వత సభ్యుణ్ణే. నియమావళి తీసి చూశాను. సభ్యుల్లో పదోవంతు మంది సంతకాలు చేసి అడిగితే ప్రత్యేక సర్వసభ్య సమావేశం పిలిచి తీరాలని పదకొండో నిబంధన. ఊళ్ళో ఉన్నవాళ్ళు కుమ్మక్కయితే అవనీ, బయటి ఊళ్ళ సభ్యులం లేమా? అటవీ శాఖ ఆఫీసరుకి, ఇంకా తెలిసినవాళ్ళందరికీ నిన్ననే రాసేశాను.

నువ్వు ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. బావకి చెప్పు, బామ్మర్ది బతికే ఉన్నాడని.

నీ తమ్ముడు


జూన్ 12

తమ్ముడూ,

నీ జవాబు ఇంకా రాలేదు. ఆగలేక మళ్ళీ రాస్తున్నాను.

మొన్న మళ్ళీ కలిశారు. నాకు తప్పలేదు, నేనూ ఒప్పుకున్నాను. ఆలోచిస్తే వాళ్ళ మాటలో అన్యాయమేమీ లేదు. ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే నలుగురి చేతా చప్పట్లు కొట్టించుకుని వెళ్ళడం మంచిది కదా. వీడ్కోలు సభ ఘనంగా చేద్దామన్నారు. ఏర్పాట్లన్నీ నన్నే చూడమన్నారు. హాలు, పూలగుత్తి, ఫొటో, పొగడ్తల పత్రం రాయడం, అంతా నేనే. పత్రం మొదలుపెట్టాను కూడా. "మండలికి ప్రాణం పోసిన మహామనిషి" అని రాసి, కాస్త ఎక్కువైందేమోనని మీ బావకి చూపించాను. "తక్కువే" అన్నారు.

వర్షాలు మొదలయ్యాయి. నమూనాల గదిలో బకెట్లు పెట్టాం.

మీ అక్క


జూన్ 20

అక్కయ్యా!

నీ వీడ్కోలు సభకి ఏర్పాట్లు నీ చేతే చేయిస్తున్నారా? నీ పొగడ్తల పత్రం నువ్వే రాసుకోవాలా? ఇంతకన్నా ఘోరం నేను వినలేదు. "మహామనిషి" అని నీ గురించి నువ్వే రాసుకునేదాకా తెచ్చారంటే నీ మనసు ఎంత చితికిపోయిందో నాకు అర్థమైంది. బావ కూడా "తక్కువే" అన్నారంటే ఆయనకీ మతి పోయినట్టే ఉంది.

ఇక ఊరుకునేది లేదు. సంతకాలు కావలసినదానికన్నా ఎక్కువే వచ్చాయి. అడవి ఆఫీసరు రెండు సంతకాలు పెట్టాడు, ఒకటి కొట్టేశాను. "కార్యదర్శి మీద సభకి పూర్తి విశ్వాసం ఉందని ప్రకటించుట" అనేదే సమావేశం విషయం. సంతకాల మహజరు ఈ బండిలోనే పంపుతున్నాను. నువ్వు వద్దన్నావని తెలుసు, అయినా ఒక ప్రతి మాస్టారికి కూడా పంపాను. నీ తరఫున నిలబడే పెద్దదిక్కు ఆయనొక్కరే.

ధైర్యంగా ఉండు.

నీ తమ్ముడు


జూన్ 27

ఒరేయ్ తమ్ముడూ,

దిగిపోవాల్సింది నేను కాదురా! మాస్టారు!

నీ మొదటి ఉత్తరం దారిలో ఎక్కడ ఆగిపోయిందో, రెండు ఉత్తరాలూ, మహజరూ ఒకే రోజు వచ్చాయి. రెండుసార్లు చదివాను. మీ బావ నా చేతిలోంచి లాక్కుని చదివారు. నవ్వీ నవ్వీ ఆయనకి దగ్గు పట్టుకుంటే వీపు నిమరాల్సి వచ్చింది. "దిగిపోవాలి, దిగిపోవాలి అని రాశావు. ఎవరో రాశావా?" అన్నారు. నా ఉత్తరాలు గుర్తు చేసుకుని చూశాను. నిజమే, ఎక్కడా రాయలేదు. మన ఇంట్లో ఎవరం రాశాం గనక? నాకు తెలుసు కాబట్టి నీకూ తెలిసే ఉంటుందనుకున్నాను.

సరిగ్గా విను. అధ్యక్షులుగా మాస్టారికి పని సాగడం లేదు. కళ్ళూ మోకాళ్ళూ నాకే కాదు, ఆయనకీ సహకరించడం లేదు. కొత్త గది సంతకం బాకీ పెట్టింది ఆయనే. పోయిన సమావేశంలో ఒక తీర్మానం ఓటుకి పెట్టి ఇంకోటి నెగ్గిందని ప్రకటించారు. బయటినుంచి వచ్చిన పండితుడు మాట్లాడుతుండగా కునుకు తీసి, మధ్యలో లేచి వందన సమర్పణ చేసేశారు. అందుకని ఆయన్ని గౌరవంగా సాగనంపాలని కార్యవర్గం అనుకుంది. ఆ మహామనిషి నేను కాదు నాయనా.

అసలు తంటా ఇప్పుడు మొదలైంది. నీ ప్రతి అందుకుని మాస్టారు మొన్న సాయంత్రం గొడుగు పట్టుకుని వానలో మా ఇంటికొచ్చారు. గుమ్మంలోనే మొదలుపెట్టారు.

"నిన్ను తీసేస్తారటమ్మా? నేనుండగానే?"

"అది కాదు మాస్టారూ..."

"నువ్వేం మాట్లాడకు. నీ తమ్ముడు మంచి పని చేశాడు. నువ్వు దిగితే నేనూ దిగుతా. కానీ ముందు నిన్ను దింపుతామన్నవాళ్ళ సంగతి తేలుస్తా. అసలు కారణం ఏంటంట?"

"వయసైందని..." అన్నాను, ఇంకేమనాలో తోచక.

"వయసా! నీకా!" అని గొడుగు నేలకేసి కొట్టారు.

చెప్పలేకపోయాను. మొదటిసారి నాచుని భూతద్దం కింద పెట్టి "ఇది చిన్నది కాదమ్మా, మనం దూరంగా ఉన్నాం" అని నాకు చూపించిన మనిషి ఆయన. నాకోసం కొట్లాడతానని వచ్చి నా గుమ్మంలో తడిసి నిలబడ్డారు. "కాఫీ తాగుతారా?" అన్నాను. తాగి వెళ్ళారు.

సంతకాలన్నీ సరిగ్గా ఉన్నాయి. నిబంధన ప్రకారం కార్యదర్శి సమావేశం పిలిచి తీరాలి. అంటే నా మీద విశ్వాసం ఉందో లేదో తేల్చడానికి నేనే సంతకం పెట్టి అందరికీ నోటీసులు పంపాను. పళ్ళ డాక్టరు ఫోను చేసి "మిమ్మల్ని ఎవరు పొమ్మన్నారండీ?" అని ఒకటే గోల. మందుల షాపాయనకి రక్తపోటు పెరిగి తన షాపులో మాత్ర తనే మింగాడట.

ఏం చేద్దామో నువ్వే చెప్పు. చెట్టెక్కించినవాడివి నువ్వు.

మీ అక్క


జూలై 11

అక్కయ్యా,

సిగ్గుతో తల ఎత్తుకోలేకపోతున్నాను. ఇక్కడ ఎత్తినా చూసేవాళ్ళు లేరు, అదొక్కటే అదృష్టం.

మహజరు వెనక్కి తీసుకుందామని అందరికీ రాశాను. ఒక్కరూ ఒప్పుకోలేదు. "చేరినప్పటినుంచి మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు, ఇన్నాళ్ళకి ఒక సమావేశం వచ్చింది, సెలవు కూడా పెట్టేశాం" అని జవాబులు. అడవి ఆఫీసరు ప్రసంగం రాసుకున్నాడట. శీర్షిక "కుట్ర" అట.

నాకొకటే తోస్తోంది. సభలో వేరే ఎవరి నోటో వినడం కన్నా, మాస్టారు నీ నోట ముందే వినడం మంచిది. కోపం వస్తుంది. రానీ. ఆయనకి నువ్వు అబద్ధం చెప్పగా నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు మాత్రం ఎందుకు?

నాకు సెలవు దొరకలేదు. తుఫాను ఉండొచ్చని పై నుంచి హెచ్చరిక. ఇక్కడా అక్కడా తుఫానే.

బావకి నవ్వడం ఆపమని చెప్పు.

తప్పు చేసిన తమ్ముడు


జూలై 17

తమ్ముడూ,

అయిపోయింది. ఎలా అయిందో తీరుబడిగా రాస్తాను.

సమావేశానికి ముందురోజు సాయంత్రం మాస్టారింటికి వెళ్ళాను. కిటికీ పక్క బల్ల మీద సూక్ష్మదర్శిని పెట్టుకుని చూస్తున్నారు. తల ఎత్తకుండానే అన్నారు.

"రామ్మా. రేపు నీకు ఎదురుగా ఎవడు చెయ్యెత్తుతాడో చూస్తా."

"మాస్టారూ, దిగిపొమ్మంటున్నది నన్ను కాదు. మిమ్మల్ని."

వినిపించలేదేమో అనుకున్నాను. మీట తిప్పుతూనే ఉన్నారు. మెల్లిగా అడిగారు.

"ఎవరెవరు?"

"కార్యవర్గం అంతా."

"నువ్వూనా?"

కాదు అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. "నేనూనండీ" అన్నాను.

లేచి సూక్ష్మదర్శినికి గుడ్డ కప్పారు. ఇంకా వెలుతురు ఉండగా ఆయన దాన్ని మూయడం నేనెప్పుడూ చూడలేదు.

"గది కోసమేగా ఇదంతా?"

"నమూనాలు తడిసిపోతున్నాయి మాస్టారూ. మీరు సేకరించినవే ముందు పాడవుతున్నాయి."

"తెలుసు. అక్కడికి తీసుకెళ్తే తాళం వాళ్ళ దగ్గరుంటుంది. నా చేత్తో అంటించిన మొక్కని చూడాలంటే నేను వెళ్ళి, కూర్చుని, ఎవరినో అడగాలి. 'మీరెవరండీ?' అంటాడు. ఏం చెప్పను?"

వాయిదాల వెనక ఇంత ఉందని ఎప్పుడూ అనుకోలేదు. మతిమరుపు అనే అనుకున్నాం అందరం. ఎప్పుడూ వీధి గేటుదాకా వచ్చి సాగనంపేవారు. ఆరోజు లేవలేదు. ఇంటికొచ్చి ఏడ్చాను. మీ బావ ఈసారి నవ్వలేదు.

మర్నాడు హాలు కిక్కిరిసింది. బయటి ఊళ్ళ సభ్యులు సంచులతో సహా దిగారు. పక్క ఆఫీసు నుంచి కుర్చీలు తెచ్చాం. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. నా వంక చూడలేదు. తిన్నగా వెళ్ళి అధ్యక్ష స్థానంలో కూర్చున్నారు.

అడవి ఆఫీసరు "కుట్ర" తీసి ఒక పేజీ చదివేసరికి మాస్టారు గంట కొట్టారు.

"కూర్చో నాయనా. ఇది ప్రత్యేక సమావేశం. నోటీసులో ఉన్నది ఒకటే విషయం. దాన్ని దాటి ఒక్క మాట చర్చించడానికి లేదు. కార్యదర్శి మీద విశ్వాసం ఉన్నవాళ్ళు చేతులెత్తండి."

హాలంతా చేతులే. పళ్ళ డాక్టరు రెండు చేతులూ ఎత్తాడు. మాస్టారు కూడా ఎత్తారు. నాకు తల దించుకోవాలనిపించింది.

"ఏకగ్రీవం" అన్నారు. ఆ రోజు ఒక్క మాట తడబడలేదు. తర్వాత లేచి నిలబడ్డారు.

"కార్యదర్శి మాట మీద ఈ సభకి పూర్తి విశ్వాసం ఉంది. సభ మాటే నా మాట. నిన్న సాయంత్రం కార్యదర్శి మా ఇంటికొచ్చి నన్ను దిగిపొమ్మని చెప్పింది. మొహం మీద చెప్పింది. మీలో ఒక్కడూ చెప్పలేదు. రాత్రంతా కోపంగానే ఉన్నాను. ఇప్పుడు కూడా కొంచెం ఉంది. కానీ విశ్వాసానికి ఇప్పుడే చెయ్యెత్తాను కదా, దింపడానికి కుదరదు. కాబట్టి నేనే దిగుతున్నాను."

ఆయన జేబులోంచి కొత్త గది ఒప్పందం తీసి బల్ల మీద పరిచారు. సంతకం పెట్టారు. పళ్ళ డాక్టరు లేచి "అది నోటీసులో లేదండీ" అన్నాడు. చూశావా ఎలాంటివాడో!

"చర్చించడానికి లేదన్నాను. సంతకం పెట్టడానికి లేదనలేదు" అన్నారు మాస్టారు. ఒప్పందానికి ఒక వాక్యం తనే చేర్చారు. మండలి సభ్యులెవరైనా పగటిపూట ఎప్పుడైనా అడగకుండా లోపలికి రావచ్చని. విశ్వవిద్యాలయం వాళ్ళు మర్నాడే ఒప్పుకున్నారు. ఇంత చిన్న వాక్యం మాకెవరికీ ఎందుకు తోచలేదో!

తర్వాత వేదిక దిగి మూడో వరసలో ఖాళీ కుర్చీ చూసుకుని కూర్చున్నారు. చప్పట్లు మొదలయ్యాయి, ఆగలేదు. నిబంధన ప్రకారం కుర్చీ ఉపాధ్యక్షుడిది. మందుల షాపాయన ముఖం పాలిపోయింది. "షాపులో ఎవరూ లేరండీ" అంటూ వెనక తలుపు నుంచి వెళ్ళిపోబోతే అడవి ఆఫీసరు పట్టుకొచ్చాడు.

నేను రాసిన పొగడ్తల పత్రం చదవనివ్వలేదు మాస్టారు. ఇంటికి మాత్రం తీసుకెళ్ళారు. వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగి అన్నారు.

"నీ తమ్ముడికి రాయి. వాడు కర్త లేకుండా వాక్యం చదవడం నేర్చుకోవాలి. నువ్వు కర్తతో రాయడం నేర్చుకోవాలి."

మీ అక్క

(నేను నవ్వు ఆపలేదు బామ్మర్దీ. ఇప్పుడు మళ్ళీ మొదలుపెట్టాను. మీ బావ)


ఆగస్టు 14

అధ్యక్షురాలైన అక్కయ్యకి నమస్కారాలు.

సాధారణ ఎన్నికల్లో నిన్ను ఏకగ్రీవంగా ఎన్నుకున్నారని అడవి ఆఫీసరు రాశాడు. బండి డ్రైవరుతో సహా అందరికీ చెప్పాను. మందుల షాపాయన కార్యదర్శి అయ్యాడని విని ముందు కంగారుపడ్డాను. తర్వాత అనిపించింది, డాక్టర్ల చీటీలు చదవగలిగినవాడు మన సభ్యుల ఉత్తరాలు చదవలేడా!

కానీ నన్నెందుకు బయటి సభ్యుల ప్రతినిధిగా ఎన్నుకున్నారు? ప్రతి సమావేశానికీ హాజరు కావాలట, రెండుసార్లు రాకపోతే తీసేస్తారట. ఇది ఎవరి ఆలోచనో నాకు తెలుసు. మా పై అధికారికి సెలవు చీటీ రాస్తే "నాచు సమావేశమా?" అని మూడుసార్లు అడిగాడు. సెప్టెంబరుకి రాలేను, ఆ తర్వాతదానికి ఖాయం.

మాస్టారు ఎలా ఉన్నారు? దిగాక దిగులుపడుతున్నారేమోనని నాకు బెంగగా ఉంది.

నీ తమ్ముడు


సెప్టెంబరు 9

తమ్ముడూ,

మాస్టారు దిగులుపడటమా! నిన్న నేను అధ్యక్షత వహించిన మొదటి సమావేశం జరిగింది. అది చెబుతాను, ఆయన ఎలా ఉన్నారో నీకే తెలుస్తుంది.

ఒక పరిశోధకురాలు వాగు రాళ్ళ మీద దొరికిన నాచు గురించి మాట్లాడింది. ఆ నాచుకి గింజల్లాంటి సిద్ధబీజాలుండే గుళిక మూతి అంచున సన్నటి పళ్ళుంటాయి. పళ్ళనగానే మన డాక్టరు నిద్ర లేచాడు. ఆ అమ్మాయి ముగించిందో లేదో మూడో వరసలో చెయ్యి లేచింది.

"ఆ పళ్ళు ఎర్రగా ఉన్నాయన్నావు. ఎండినప్పుడు చూశావా, తడిగా ఉన్నప్పుడు చూశావా?"

"రెండు రకాలుగానూ చూశానండీ."

"అయితే నువ్వు చెప్పిన జాతి అది కాదు."

"అదేనండీ."

"కాదంటున్నాను!"

"మీరు దాన్ని చూడలేదు కదండీ!"

నేను గంట మీద చెయ్యి వేశాను. మాస్టారికి కోపం వస్తుందనుకున్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ముందు వరసలోకి వచ్చి ఆ అమ్మాయి పక్కన కూర్చుని నమూనా తీయించారు. ఇద్దరూ ఒకే భూతద్దం కోసం తోసుకున్నారు. అందరూ కుర్చీలు జరుపుకుని చుట్టూ చేరారు. మన మండలిలో ఇంత గొడవ నేనెప్పుడూ వినలేదు. అక్కడినుంచే నన్ను చూసి గట్టిగా అన్నారు.

"అధ్యక్షుడు చర్చలో పాల్గొనకూడదని పన్నెండో నిబంధన అమ్మా. ఇన్నేళ్ళూ ఎవడేం చెప్పినా నోరు కట్టేసుకుని కూర్చున్నాను. అందుకే నిద్రొచ్చేది!"

ఇప్పుడు అసలు సంగతి. ఆ నాచు గురించి మాస్టారు చెప్పిందే తప్పు. సమావేశానికి ముందే ఆ అమ్మాయి నాకు నమూనా చూపించింది. నేనే స్వయంగా తడిపి చూశాను, అది ఆమె చెప్పిన జాతే. ఎలా తేల్చుకోవాలో ఒక్క వాక్యంలో చెప్పగలను. నోటిదాకా వచ్చింది. పెదాలు కూడా విప్పాను. కానీ ఏం చేయను, కుర్చీలో ఉన్నది నేను. గ్లాసుడు నీళ్ళు తాగి మింగేశాను. మాస్టారు నా అవస్థ కనిపెట్టారు. భూతద్దం పక్కన పెట్టి, నా వంకే చూస్తూ, హాయిగా, పళ్ళన్నీ కనిపించేలా నవ్వడం మొదలుపెట్టారు.

నోరు మూసుకుని కూర్చున్న

మీ అక్క